హృదయ శస్త్రచికిత్సానంతర శోథోపద్రవములు

నిర్వచనము, పరిధి

హృదయమునకు శస్త్రచికిత్స జరిగిన పిదప, గాయము మానుటకై దేహము పుట్టించు శోథము తన మేర దాటి సర్వాంగములందు గాని, హృదయావరణమున గాని, పుపుసావరణమున గాని ప్రబలి రోగికి హాని చేయునపుడు దానిని హృదయ శస్త్రచికిత్సానంతర శోథోపద్రవ మందురు. శోథ మనగా దెబ్బతిన్న ధాతువులకు దేహము చూపు ప్రతిక్రియ. ఎరుపు, వేడి, వాపు, నొప్పి దాని ప్రాచీన లక్షణములు. రొమ్ము ఎముకను నిలువునా కోసి, హృదయావరణమును చీల్చి, నెత్తురునంతటిని కొన్ని గంటలపాటు హార్ట్–లంగ్ యంత్రమున త్రిప్పిన దేహమున శోథము లేకుండుట అసంభవము. కావున ఏది సహజమైన శోథము, ఏది హద్దు మీరినది అను వివేచనయే ఈ విషయమున వైద్యునకు ప్రధానమైన పని.

ఈ ఉపద్రవములు మూడు తెగలు. మొదటిది శస్త్రచికిత్స ముగిసిన గంటలలో, దినములలో పుట్టునట్టి సర్వాంగ శోథము. దీనికి హార్ట్–లంగ్ యంత్రముతోడి సంపర్కము ముఖ్యకారణము. రెండవది కొన్ని దినములకు గాని, కొన్ని వారములకు గాని హృదయావరణమునందు పుట్టునది. దీనిని పోస్ట్‌పెరికార్డియాటమీ సిండ్రోమ్ అని వ్యవహరింతురు. మూడవది రోగాణువులు ప్రవేశించుటచే గాయమునందును, ఎముకయందును, కవాటమునందును కలుగునది. మొదటి రెండింటియందును రోగాణువు లేదు. అయినను మూడింటికిని జ్వరము సమానలక్షణ మగుటచేత ఒకదానిని మరియొకటిగా భ్రమించుట తరచుగా జరుగును.

చరిత్ర

హృదయావరణమును తెరచి చేయు శస్త్రచికిత్సలలో విరివిగా వ్యాప్తికి వచ్చిన తొలి చికిత్స, రుమాటిక్ జ్వరము వలన ఇరుకైన మిట్రల్ కవాటమును వ్రేలితో విప్పుట. 1948లో అమెరికాలో చార్లెస్ బెయిలీ, డ్వైట్ హార్కెన్, ఇంగ్లండులో రస్సెల్ బ్రాక్ దానిని సఫలముగా నిర్వహించిరి. హృదయము కొట్టుకొనుచుండగనే చేయు ఈ చికిత్సకు యంత్ర మక్కరలేదు. అయితే చికిత్స ఫలించి ఇంటికి పోయిన రోగులలో కొందరు కొన్ని వారములకు జ్వరముతోను, ఛాతీనొప్పితోను మరల ఆసుపత్రికి వచ్చుట వైద్యుల దృష్టికి వచ్చినది. 1953లో లూయీ సొలాఫ్, ఆయన సహచరులు ఈ స్థితిని వర్ణించుచు, అడగియున్న రుమాటిక్ జ్వరము శస్త్రచికిత్స తాకిడికి మరల రగిలినదని తలచిరి. అందరు రోగులును రుమాటిక్ రోగులే యైనందున ఆనాటి కది సహజమైన ఊహయే.

1956లో విలియం డ్రెస్లర్ గుండెపోటు వచ్చిన కొన్ని వారములకు కొందరిలో ఇట్టి హృదయావరణ శోథమే కలుగుచున్నదని ప్రకటించెను. 1958లో ఇటో, మేరీ ఆలెన్ ఎంగిల్, గోల్డ్‌బర్గ్ అనువారు, రుమాటిక్ జ్వర మెన్నడును సోకక, పుట్టుకతో వచ్చిన హృదయలోపములకు శస్త్రచికిత్స పొందిన రోగులయందును ఇదే లక్షణసమూహ మున్నదని చూపి, దానికి పోస్ట్‌పెరికార్డియాటమీ సిండ్రోమ్ అని పేరిడిరి. ఇంతటితో దోషము పాత రుమాటిక్ జ్వరమునందు లేదనియు, హృదయావరణమును తెరచుటయందే యున్నదనియు స్థిరపడినది. అనంతర దశాబ్దములలో ఎంగిల్, ఆమె సహచరులు ఈ రోగుల రక్తమున హృదయధాతువునకు ప్రతికూలమైన ప్రతిదేహకములను పరిశోధించిరి.

హార్ట్–లంగ్ యంత్రము చరిత్ర దీనికి సమాంతరముగా నడచినది. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ యంత్రసాహాయ్యమున ఒక యువతి హృదయమున కర్ణికల నడిమి గోడలోని రంధ్రమును మూసి కృతార్థు డయ్యెను. 1954లో వాల్టన్ లిల్లెహై ఒక మనుష్యుని రక్తప్రసరణమును మరియొకని ప్రసరణముతో కలిపి పిల్లలకు శస్త్రచికిత్సలు చేసెను. 1955 మొదలు జాన్ కర్క్లిన్ మేయో వైద్యశాలలో గిబ్బన్ యంత్రమును సంస్కరించి విరివిగా వాడెను. తొలినాళ్లలో యంత్రము నుండి బయటపడిన రోగులలో కొందరు ఊపిరితిత్తులు నీరుపట్టి, మూత్రపిండములు చెడి, రక్తస్రావము ఆగక మరణించుచుండిరి. దీనిని పంపు తెచ్చిన చేటుగా వైద్యులు గుర్తించిరి గాని, దాని రసాయనక్రమము 1980ల వరకు విశదము కాలేదు. 1981లో చెనోవెత్, 1983లో కర్క్లిన్, వారివారి సహచరులు యంత్రసంపర్కమున రక్తములోని కాంప్లిమెంట్ అను రక్షణవ్యవస్థ ప్రజ్వరిల్లుచున్నదని చూపి, దాని తీవ్రతకును శస్త్రచికిత్సానంతర బాధలకును గల సంబంధమును నిరూపించిరి.

దక్షిణభారతమున ఛాతీ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగము మొదట వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో రీవ్ బెట్స్ ఆధ్వర్యమున 1940ల చివర నెలకొన్నది. హృదయమును తెరచి చేయు చికిత్స అచ్చట 1960ల ఆరంభమున మొదలైనది. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల తెలుగువారికి వేలూరు చిరకాలము హృదయచికిత్సకు శరణ్యమై యుండెను. ఆంధ్రదేశముననే 1991 నవంబరు 22న పుట్టపర్తి చెంత ప్రశాంతిగ్రామమున శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ప్రారంభమై, ఉచితముగా హృదయ శస్త్రచికిత్సలు చేయసాగినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలన పేదలకు కార్పొరేటు ఆసుపత్రుల ద్వారములును తెరచుకొన్నవి.

పుదుచ్చేరియందు వైద్యవిద్యకు మూలము ఫ్రెంచివారు 1823లో స్థాపించిన వైద్య పాఠశాల. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించిన పిమ్మట 1956లో ఈ పాఠశాల వైద్య కళాశాలగా రూపొంది, 1964 జూలైలో జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్యవిద్యా పరిశోధన సంస్థ, అనగా జిప్మెర్, అయినది. 2008లో పార్లమెంటు శాసనముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపబడినది. పట్టణమునకు వాయవ్యమున, తిండివనము పోవు మార్గమున గోరిమేడు వద్ద నున్న ఈ సంస్థయందు హృదయ శస్త్రచికిత్సా విభాగము కలదు. విలుప్పురము, కడలూరు జిల్లాల తమిళులతో పాటు, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగమై గోదావరీ తీరమున నున్న యానాం నుండి తెలుగువారును చికిత్సకై ఇచ్చటికి వత్తురు. పుదుచ్చేరికిని యానామునకును గల రహదారి దూరము 800 కిలోమీటర్లకు పైబడినది. ఈ దూరమునకును ప్రస్తుత విషయమునకును గల సంబంధము ముందు తెలియగలదు.

యంత్రసంపర్కజన్య సర్వాంగ శోథము

రక్తము తన నాళముల లోపలి పొరను తప్ప మరి దేనిని తాకినను దానిని పరాయివస్తువుగా గ్రహించును. హార్ట్–లంగ్ యంత్రమునందు నెత్తురు ప్లాస్టిక్ గొట్టముల గుండ, ఆక్సిజన్ చేర్చు పొరల గుండ నిమిషమునకు అనేక లీటర్ల చొప్పున తిరుగును. ఆ తాకుడుకు రక్తములోని 12వ స్కందన కారకము చైతన్యము పొంది, కల్లిక్రీన్, బ్రాడికైనిన్ అను పదార్థములను పుట్టించును. బ్రాడికైనిన్ నాళములను వదులుచేసి వాటి గోడల గుండ నీరు కారునట్లు చేయును. అదే సమయమున కాంప్లిమెంట్ వ్యవస్థ రగిలి, దాని ముక్కలు న్యూట్రోఫిల్ అను తెల్లకణములను రేపును. ఆ కణములు ఊపిరితిత్తుల సూక్ష్మనాళములలో చిక్కుకొని తమలోని జీర్ణరసములను, ఘాటైన ఆక్సిజన్ సమ్మేళనములను వెదచల్లును. ఇంటర్‌ల్యూకిన్–6, ఇంటర్‌ల్యూకిన్–8 మొదలగు సైటోకైనులు ఈ వార్తను దేహమంతటను వ్యాపింపజేయును.

యంత్ర మొక్కటియే దీనికి హేతువు కాదు. శస్త్రచికిత్స సాగుచున్నంతసేపు మహాధమనిని బిగించుటచే హృదయకండరమునకు రక్త మందదు. బిగింపు వదలినపుడు ఒక్కమారుగా వచ్చి చేరు ఆక్సిజన్‌తో కూడిన రక్తము ఆ కండరమునకు మరియొక దెబ్బ. ప్రేవులకు చాలినంత రక్తము పోకపోవుటచే అచ్చటి సూక్ష్మజీవుల విషాంశములు రక్తమున చేరును. తుదకు రక్తము గడ్డకట్టకుండుటకై ఇచ్చిన హెపారిన్‌కు విరుగుడుగా ప్రొటమీన్ ఇచ్చునపుడు, ఆ రెండింటి కలయికయు కాంప్లిమెంటును మరల రేపును.

ఈ శోథము అందరు రోగులలోను కొంత యుండును. పెక్కుమందికి ఒకటి రెండు దినములలో తనంతట శమించును. రక్తములో శోథమును సూచించు సి–రియాక్టివ్ ప్రోటీన్ రెండవ, మూడవ దినములకు శిఖరము చేరి పిదప తగ్గుచుండుట దీనికి సాక్ష్యము. ప్రబలమైన వారిలో నాళములు సడలి రక్తపోటు పడిపోవును; హృదయము బలముగా కొట్టుకొనుచున్నను, చేతులు కాళ్లు వెచ్చగానే యున్నను, పోటు నిలువదు. దీనికి వాసోప్లీజియా యని పేరు. ఊపిరితిత్తులు నీరుపట్టి రోగి వెంటిలేటరును వీడలేకపోవుట, మూత్రము తగ్గుట, వృద్ధులయందు మతిభ్రమ కలుగుట ఇతర రూపములు. యంత్రముపై గడపిన కాలము దీర్ఘ మగుకొలదియు, వయస్సు మిక్కిలి చిన్నదైనను పెద్దదైనను, ముందే మూత్రపిండ రోగము గాని హృదయ దౌర్బల్యము గాని ఉన్నను అపాయ మధికమగును.

కర్ణికా స్ఫురణము

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను ఈ లయభంగము హృదయ శస్త్రచికిత్స పొందినవారిలో సుమారు 20 నుండి 40 శాతము మందికి కలుగును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు తరచుదనము హెచ్చు. హృదయావరణమునందలి రక్తమును, శోథమును దీనికి ప్రేరకములలో కొన్నిగా పరిశోధకులు భావింతురు. వివరములకు చూ. హృదయలయ దోషములు.

పోస్ట్‌పెరికార్డియాటమీ సిండ్రోమ్

శస్త్రచికిత్సానంతర శోథములలో ప్రత్యేకముగా తెలిసికొనదగినది ఇదియే. ఏలయన మిగిలినవి ఆసుపత్రిలో వైద్యుని కన్నుల యెదుట జరుగును, ఇది రోగి యింటికి పోయిన పిదప వచ్చును. సాధారణముగా మొదటి వారము మొదలు ఆరవ వారము వరకు ఇది పొడసూపును. కొన్ని నెలల తరువాత వచ్చుటయు కలదు. ఎంతమందికి వచ్చునను విషయమున గణనలు ఏకరూపముగా లేవు; ఏ లక్షణములను ప్రమాణముగా గైకొందురో, రోగులను ఎంతకాలము గమనింతురో దానిని బట్టి నూటికి పదిమంది కంటె తక్కువ మొదలు సుమారు నలువది మంది వరకు లెక్కలు మారుచున్నవి.

దీని సంప్రాప్తి ఇట్లుండును. శస్త్రచికిత్సయందు హృదయావరణము యొక్క సన్నని కణపు పొర చిరిగి, హృదయధాతువు యొక్క అంశములు రక్తములో కలియును. ఆవరణకుహరమున నిలిచిన నెత్తురు వాటికి తోడగును. సాధారణముగా రోగనిరోధక వ్యవస్థకు కంటపడని ఈ అంశములను చూచి అది ప్రతిదేహకములను, ప్రతిక్రియా కణములను పుట్టించును. వీని నిర్మాణమునకు కొన్ని దినములు పట్టుటచేతనే చికిత్సకును జ్వరమునకును నడుమ వ్యవధి యేర్పడును. ఒక్కసారి తగ్గిన పిదప కొందరిలో తిరుగబెట్టుట, శోథనిరోధక ఔషధములకు లొంగుట ఈ సిద్ధాంతమునకు బలము నిచ్చును. అయితే ప్రతిదేహకములు రోగమునకు కారణములా, గాయపడిన ధాతువునకు అనంతరఫలములా అను ప్రశ్న నేటికిని తీరలేదు.

రోగనిర్ణయమునకు యూరోపియన్ హృద్రోగ సంఘము 2015లో స్వీకరించిన ప్రమాణములు ఐదు: అన్యకారణము లేని జ్వరము, హృదయావరణ సంబంధమైన గాని, ఊపిరి పీల్చునపుడు పొడుచునట్టి గాని ఛాతీనొప్పి, స్టెతస్కోపునకు వినబడు ఘర్షణధ్వని, హృదయావరణమున నీరు, సి–రియాక్టివ్ ప్రోటీన్ పెరుగుటతో కూడిన పుపుసావరణ జలము. వీనిలో రెండైనను ఉండవలెను.

రోగిని దగ్గరగా పరిశీలించిన ఈ లక్షణముల స్వభావము తెలియును. నొప్పి రొమ్ము నడుమ నుండి ఎడమ భుజమునకును, మెడకును ప్రాకును; వెల్లకిల పరుండిన హెచ్చును, ముందునకు వంగి కూర్చున్న తగ్గును. కావున రోగి రాత్రి పండుకొనజాలక, మంచముపై కూర్చుండి, దగ్గు వచ్చినపుడు ఎముకకు ఆనిక కొరకు ఆసుపత్రిలో నేర్పిన విధమున దిండును రొమ్మునకు హత్తుకొని, ముందుకు వాలి యుండును. ఎముక కోసిన నొప్పి కదలికతోను, వ్రేలితో నొక్కినపుడును పుట్టును. హృదయావరణపు నొప్పి శ్వాసతోను, శయనభంగిమతోను మారును. చికిత్సకు సంబంధించిన సాధారణమైన నొప్పి నుండి దీనిని వేరుచేయుటకు ఈ భేదము ఉపకరించును. రొమ్ము ఎముక ఎడమ అంచున స్టెతస్కోపు నాన్చి, రోగిని ఊపిరి వదలి నిలుపుమన్నచో, క్రొత్త తోలుచెప్పుల కిర్రువంటి గరగర ధ్వని హృదయస్పందముతో పాటు వినబడును. ఇది పూటపూటకు మారుచుండును. ఉదయము వినిపించినది సాయంకాలమునకు వినబడక పోవచ్చును, కనుక ఒక్కమారు విని లేదని నిశ్చయింపరాదు.

పసిపిల్లలయందు, విశేషించి రెండేండ్ల లోపువారియందు, ఇది అరుదు. కర్ణికల నడిమి రంధ్రమును మూసిన పెద్దపిల్లలయందు తరచు. పిల్లలు నొప్పిని చెప్పజాలక, ఆటలు మాని, చిరాకుపడి, వాంతులు చేసికొందురు. వాంతులు మాత్రమే ముఖ్యలక్షణమైనచో కడుపు రోగముగా పొరబడుటకు వీలున్నది.

ఈ రోగము పెక్కుమందికి ప్రాణాంతకము కాదు. ముప్పు రెండు విధములుగా రాగలదు. హృదయావరణమున నీరు శీఘ్రముగా చేరి హృదయమును నలువైపుల నదిమి, అది నిండుటకు చోటులేకుండ చేసినచో టాంపొనాడ్ అను ఆపద కలుగును. అప్పుడు ఆయాసము, మెడసిరలు ఉబ్బుట, రక్తపోటు దిగుట, గుండెదడ కనబడును. కృత్రిమ కవాటమును పొంది, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ గాని, ఎసిట్రోమ్ గాని వాడుచున్న వారిలో ఆ నీరు నెత్తురుగా మారు ప్రమాద మధికము. రెండవ ముప్పు దీర్ఘకాలికము: ఆవరణము మందమై, గట్టిపడి హృదయమును బిగించుట. ఇది కొద్దిమందికే కలుగును (చూ. సంకోచక హృదయావరణ శోథము).

రోగాణుజన్య శోథములు

రొమ్ము ఎముక క్రిందికి చీము చేరుట మీడియాస్టినైటిస్. నూటికి ఒకరిద్దరికి మాత్రమే కలిగినను, మరణము తెచ్చునది గనుక ప్రతి శస్త్రవైద్యుడును దీనికి జంకును. మధుమేహము, స్థూలకాయము, పొగాకు అలవాటు దీనికి అనుకూలములు. స్టెఫిలోకాకస్ ఆరియస్ ముఖ్యమైన రోగాణువు. గాయము నుండి రసి కారుట, ఎముక అంచులు కదలి టక్కుమను చప్పుడగుట, సాధారణముగా రెండు మూడు వారములలో జ్వరము వచ్చుట దీని ఆనవాళ్లు. దీనికి గాయమును మరల తెరచి శుభ్రపరచుటయు, దీర్ఘకాల యాంటీబయోటిక్ చికిత్సయు అవసరము.

కృత్రిమ కవాటమునకు సోకు అంతర్హృదయ శోథము మొదటి సంవత్సరమున అధికము. కవాటమునకు వాడు వస్తువు ఏదైనను ఈ భయము వీడదు. 1990 డిసెంబరు 6న తిరువనంతపురము శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో తొలిసారిగా అమర్చబడి, దేశమున విరివిగా వాడుకకు వచ్చిన చిత్ర కవాటమును పొందిన రోగియు పండ్ల శుభ్రతను, జ్వరము వచ్చిన రక్తపరీక్షను ఇతరులవలెనే పాటింపవలెను. యంత్రమున రక్తమును చల్లబరచి వెచ్చబరచు ఉపకరణముల నీటి నుండి గాలిలో చేరు మైకోబాక్టీరియమ్ కైమీరా అను సూక్ష్మజీవి, నెలలు సంవత్సరములు గడచిన పిదప రోగమును కలిగించుట గడచిన దశాబ్దమున ఐరోపాయందు బయటపడినది.

భేదనిర్ణయము

దక్షిణ కోరమండల తీరమునందు శస్త్రచికిత్స పొందిన మనుష్యునకు మూడవ వారమున జ్వరము వచ్చినచో, అతడు హృదయమునకు సంబంధింపని అనేక జ్వరములకు నెలవైన దేశమున నివసించుచున్నాడని మొదట తలపవలెను. డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్, మలేరియా మొదలగునవి ఉన్నవి. మధుమేహులయందు మట్టి నుండి సోకు మెలియాయిడోసిస్ పుదుచ్చేరి పరిసరములలో గుర్తింపబడినది. క్షయ వలన హృదయావరణమున నీరు చేరుట ఈ దేశమున సామాన్యము. పోస్ట్‌పెరికార్డియాటమీ సిండ్రోమ్‌ను క్షయగా భావించి ఆరు నెలల చికిత్స నిచ్చుటయు, క్షయను ఈ సిండ్రోమ్‌గా తలచి స్టెరాయిడ్లు నిచ్చుటయు, రెండును దోషములే. అందును రెండవ దోషము ఘోరమైనది.

రుమాటిక్ జ్వరముతోడి భ్రమ 1953 నాటి సొలాఫ్‌తోనే అంతము కాలేదు. కవాట రోగులలో రుమాటిక్ రోగులే అధికముగా నున్న మన ప్రాంతములలో, మిట్రల్ కవాటము మార్పించుకొన్న యువతికి జ్వరము వచ్చినచో, పెనిసిలిన్ సూది తప్పినందువల్ల కీళ్లవాతము తిరుగబెట్టినదని అనుకొనుట నేటికిని సులభము. కీళ్ల వాపు లేకుండుట, గొంతునొప్పి చరిత్ర లేకుండుట, శ్వాసతో పెరుగు నొప్పి, హృదయపు అల్ట్రాసౌండు పరీక్షయైన ఎకోలో ఆవరణ జలము, వీనిని కలిపి చూచిన భ్రమ తొలగును. ఏ నిర్ణయమునకు వచ్చినను, రుమాటిక్ రోగులకు మూడు లేక నాలుగు వారములకొకమారు ఇచ్చు బెంజాథైన్ పెనిసిలిన్ సూదిని మాత్రము ఆపరాదు (చూ. రుమాటిక్ హృద్రోగము).

రోగాణుజన్య శోథమును వేరుచేయుటకు యాంటీబయోటిక్ ఇచ్చుటకు ముందే రక్తమును కల్చరు పరీక్షకు పంపవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేయుట వలన కవాట రోగాణువు దాగిపోయి, నిర్ణయము మిక్కిలి దుర్ఘటమగును. చిన్న ఆసుపత్రులలో తరచుగా జరుగు పొరపాట్లలో ఇంతటి నష్టము కలిగించునది మరియొకటి కనబడదు. ఎక్స్‌రే, ఇ.సి.జి., ఎకో, సి–రియాక్టివ్ ప్రోటీన్, తెల్లకణముల లెక్క అవసరమైన ఇతర పరీక్షలు. వీనిలో ఎకో ముఖ్యతమము: ఎంత నీరు చేరినది, అది హృదయమును అదుముచున్నదా అను రెండు ప్రశ్నలకును అది శీఘ్రముగా ఉత్తర మిచ్చును.

చికిత్స

సర్వాంగ శోథమునకు చికిత్స తీవ్రచికిత్సా విభాగమున జరుగును. నాళములు సడలిన రోగికి నార్‌అడ్రినలిన్, వాసోప్రెస్సిన్ ఇత్తురు. లొంగనిచో మెథిలీన్ బ్లూ ప్రయోగింతురు. పిల్లలకు యంత్రము నుండి విడివడు తరుణమున రక్తములోని అధిక జలమును వడకట్టు ప్రక్రియ, 1990ల ఆరంభమున లండనులో రూపొందినది, వాడుకలో నున్నది. గొట్టములకు హెపారిన్ పూత పూయుట మరియొక ఉపాయము. యంత్రమునే వాడక, కొట్టుకొనుచున్న హృదయముపై బైపాస్ చేసినచో శోథము తగ్గును గాని, 2012లో ప్రకటితమైన 4,752 మంది రోగుల పరిశోధనమున 30 దినముల మరణములలో గణనీయమైన భేదము కనబడలేదు.

స్టెరాయిడ్ల విషయమున ఆశ పెద్దది, ఫలము చిన్నది. 2012లో 4,494 మందిపై డెక్సామెథసోన్, 2015లో 7,507 మందిపై మిథైల్‌ప్రెడ్నిసోలోన్ పరీక్షింపబడినవి. శోథలక్షణములు అణగుట సహజమైనను, మరణములును ప్రధానోపద్రవములును తగ్గినట్లు నిరూపితము కాలేదు. రెండవ పరిశోధనమున హృదయకండరమునకు హాని హెచ్చినట్లును కనబడినది. కావున పెద్దలందరికిని నిత్యవిధిగా స్టెరాయిడ్ల నిచ్చు ఆచారమునకు ఆధారము లేదు.

పోస్ట్‌పెరికార్డియాటమీ సిండ్రోమ్‌నకు ప్రథమౌషధము ఆస్పిరిన్ గాని, ఐబుప్రొఫెన్ వంటి శోథనిరోధకము గాని. దానికి కోల్చిసిన్ జత చేయుదురు. వీనికి లొంగనప్పుడు మాత్రమే స్టెరాయిడ్లను తక్కువ మోతాదులో వాడి, మెల్లగా తగ్గింపవలెను. తొందరపడి మానినచో రోగము తిరుగబెట్టును. కడుపున పుండు రాకుండ రక్షకౌషధ మవసరము. రక్తము పలచబరచు మాత్రలు వాడువారికి ఈ శోథనిరోధకములు రక్తస్రావమును హెచ్చించును గనుక రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు ఐ.ఎన్.ఆర్. పరీక్షను మామూలు కంటె తరచుగా చేయించవలెను. ఆ మాత్రలను రోగి తనంతట తాను మానుట కవాటము గడ్డకట్టి మూసికొనుటకు దారితీయును.

కోల్చిసిన్ యూరోపు ఖండపు కోల్చికమ్ మొక్క నుండి ప్రసిద్ధి చెందినను, మన దేశపు అగ్నిశిఖ విత్తనములందును దుంపయందును సమృద్ధిగా కలదు. తమిళులు సెంగాందళ్ అని పిలుచు ఈ తీగ తమిళనాడు రాష్ట్రపుష్పము. ఆ రాష్ట్రమున విత్తనములకై దీనిని సాగుచేయుదురు. దుంప తిన్న మనుష్యులు మరణించుట గ్రామములకు తెలిసిన విషయమే; ఔషధముగను దీని హితమాత్రకును విషమాత్రకును నడుమ ఎడము కొంచెము. మూత్రపిండములు చెడినవారికి మోతాదు తగ్గింపవలెను; క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయోటిక్కులతో కలిపి ఇచ్చిన ప్రమాదము. విరేచనములు దీని సామాన్య దుష్ఫలము.

నివారణకై కోల్చిసిన్ వాడుట ఇటలీలో మాసిమో ఇమాజియో, ఆయన సహచరులు పరీక్షించిరి. 2010లో ప్రకటితమైన 360 మంది పరిశోధనమున శస్త్రచికిత్స జరిగిన మూడవ దినము నుండి నెల దినములు ఔషధము పొందినవారిలో సంవత్సరాంతమునకు 8.9 శాతము మందికి, పొందనివారిలో 21.1 శాతము మందికి రోగము వచ్చినది. 2014లో ప్రకటితమైన రెండవ పరిశోధనమున చికిత్సకు రెండు మూడు దినముల ముందే ఆరంభించినపుడు ఈ సంఖ్యలు 19.4, 29.4 శాతములు, కాని కర్ణికా స్ఫురణము గాని, ఆవరణ జలము గాని గణనీయముగా తగ్గలేదు, ఉదరబాధలు మాత్రము హెచ్చినవి. కావున ఎవరికి, ఎప్పుడు అను నిర్ణయము వైద్యుని విచక్షణకే యుండుట యుక్తము. లక్షణములు లేక, ఎకోలో మాత్రము కొద్ది నీరు కనబడినవారికి శోథనిరోధకముల నిచ్చుట వలన ప్రయోజనము నిరూపితము కాలేదు.

టాంపొనాడ్ కలిగినచో ఔషధములతో కాలక్షేపము తగదు. ఎకో చూచుచు సూదితో నీటిని తీయుట గాని, అది గడ్డకట్టిన రక్తమైనచో శస్త్రవైద్యుడు మరల తెరచుట గాని వెంటనే జరుగవలెను.

ప్రాదేశిక విషయములు

ఈ రోగము పుట్టుటకు పట్టు కాలమును, రోగి ఇంటికి చేరు కాలమును ఒక్కటియే యగుటచేత, రోగిని చూచు వైద్యుడు శస్త్రచికిత్స చేసినవాడు కాక, ఆ యూరి వైద్యుడే అగుచున్నాడు. పుదుచ్చేరి పట్టణవాసి గంటలోపల గోరిమేడు చేరగలడు. యానాం వాసికి అది ఒక రాత్రి ప్రయాణము. ఛాతీనొప్పితో వెల్లకిల పరుండజాలని రోగికి ఆ ప్రయాణము సులభము కాదు. అతడు మొదట పోవునది కాకినాడకు గాని, అమలాపురమునకు గాని. అచ్చటి వైద్యునకు ఏ శస్త్రచికిత్స జరిగినది, ఏ కవాట మమర్చిరి, విడుదలనాటి ఎకోలో ఆవరణ జల మున్నదా, ఐ.ఎన్.ఆర్. ఎంత యను నాలుగు విషయములు తెలిసిన చాలును. ఇవి డిశ్చార్జి కాగితమున నుండును. ఆ కాగితము రోగి యింట పెట్టెలో నుండి జ్వరము ఆసుపత్రిలో నుండుట వలన ప్రయోజనము లేదు. తమిళము తెలియని తెలుగు రోగికి, ఇంటికి పోవునాడు జ్వరము, పడుకొన్నపుడు హెచ్చు నొప్పి, ఆయాసము, గాయము నుండి రసి అను నాలుగు గుర్తులను తెలుగున చెప్పి పంపుట అవసరము.

2024 ఫిబ్రవరి 25న యానామునందు జిప్మెర్ యొక్క 90 పడకల బహువిభాగ వైద్యకేంద్రము జాతికి అంకితమైనది. కారైకాలునందు అదే సంస్థకు వైద్య కళాశాల కలదు. శస్త్రచికిత్సానంతరము రెండవ వారమునను, ఆరవ వారమునను జరుగవలసిన ఎకో, ఐ.ఎన్.ఆర్. పరీక్షలు రోగి యున్న చోటనే జరిగి, వాని ఫలితములు శస్త్రచికిత్స చేసిన విభాగమునకు చేరుటకు ఇట్టి కేంద్రములు ఆధారము కాగలవు.

చూ. అంతర్హృదయ శోథము, కృత్రిమ హృదయ కవాటములు, రుమాటిక్ హృద్రోగము, హార్ట్–లంగ్ యంత్రము, హృదయావరణము.